బార్ స్టూలు చుట్టూ ఇల్లు కట్టమంటారా?

ఇంటి అలంకరణ గురించి ఈమధ్య ఎవరు సలహా చెప్పినా ఒక మాట మాత్రం వదలడం లేదు. ముందు మనసుకు నచ్చిన బార్ స్టూళ్ళు ఎంచుకోవాలట. వాటి సీటు రంగు ఒక గోడకు, కాళ్ళ ఇత్తడి మెరుపు దీపాలకు, గుడ్డ నేత కర్టెన్లకు ఇచ్చేస్తే గది దానంతటదే కుదురుతుందట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. వంటింటి గట్టు ఇంకా కట్టలేదు, మధ్యగోడ తీయాలో వద్దో తేలలేదు, స్టూళ్ళకు మాత్రం అడ్వాన్సు వెళ్ళిపోతోంది.

హైదరాబాద్‌లో నల్లగండ్ల, కొల్లూరు వైపు, విశాఖలో మధురవాడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో మోడల్ ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళండి. హాలుకూ వంటగదికీ నడుమ గోడ ఉండదు. దాని చోట నల్ల గ్రానైట్ కౌంటరు, ముందు ఎత్తు స్టూళ్ళు వరసగా, వాటి నెత్తిన వేలాడే లైట్లు. బాగుంటుంది, కాదనను. ఎవరూ వండని వంటగది ఎక్కడైనా బాగానే ఉంటుంది. ఆ బొమ్మ చూసి వచ్చి, రోజుకు రెండుసార్లు పోపు పడే ఇంటికి దాన్ని తగిలించుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

నా అభ్యంతరం స్టూలు మీద కాదు, ఈ వరస మీద. స్టూలు ఎంత ఎత్తుండాలో గట్టు చెప్పాలి. గట్టు ఎత్తూ లోతూ దాని మీద పెట్టే భోజనం చెప్పాలి. ఆ భోజనం ఎక్కడ, ఎలా తినాలన్నది ఆ ఇంట్లోని పెద్దవాళ్ళ మోకాళ్ళు, పిల్లల వయసు, వండే మనిషి ఓపిక చెప్పాలి. ఇన్ని తేలాక గదిలోకి రావలసిన వస్తువును తెచ్చి ముందు వరసలో నిలబెడుతున్నారు.

కొలతల దగ్గర మొదలుపెడదాం. ఈ సలహా మొట్టమొదట కూలేది అక్కడే. కూర్చున్న మనిషికి సీటు నుంచి బల్ల పైభాగానికి పది, పన్నెండు అంగుళాల ఎడం కావాలి. అది తొడల మందానికీ మోచేతి ఎత్తుకూ సంబంధించిన లెక్క, ఫ్యాషన్‌తో మారదు. మామూలు భోజనాల కుర్చీ 18 అంగుళాలు, బల్ల 30. తేడా 12. అమెరికన్ వంటింటి కౌంటరు 36 అంగుళాలు, దానికి స్టూలు 24 నుంచి 26. అక్కడి బార్ కౌంటరు 42, దానికి స్టూలు 30. ఎత్తులు మారుతున్నాయి, తేడా మారడం లేదు. షోరూములో నిలబెట్టిన స్టూళ్ళు చాలావరకు ఈ రెండు అమెరికన్ ఎత్తులకు చేసినవే.

మరి మన గట్టు? మంచి మేస్త్రి ఇంటావిడను నిలబెట్టి, మోచేతి కింద కొలిచి కడతాడు. సాధారణంగా 32 నుంచి 34 అంగుళాల మధ్య తేలుతుంది. 33 అంగుళాల గట్టుకు 21 నుంచి 23 అంగుళాల స్టూలు కావాలి. ఆ ఎత్తుది షాపులో దొరకడం అరుదు, వడ్రంగి చేత చేయించుకోవాల్సిందే. మనవాళ్ళు చేసేదేమిటంటే నచ్చిన 26 అంగుళాల స్టూలు తెచ్చేస్తారు. సీటుకూ గట్టుకూ మధ్య ఏడంగుళాలు మిగులుతుంది. అందులోంచి గ్రానైట్ మందం, అంచుకు అతికిన రెండో పట్టీ తీసేస్తే తొడలు దూరే సందు ఉండదు. అప్పుడు మనిషి గట్టుకు అడుగు దూరంలో కూర్చుని, పళ్ళెం మీదికి వంగి తింటాడు. నడుం నొప్పి వస్తే కుర్చీలో కూర్చునే ఉద్యోగాన్ని తిడతాడు.

ఇంకొందరు దీనికి విరుగుడుగా గట్టునే లేపుతారు. స్టూలు 30 అంగుళాలది కొన్నాం కాబట్టి హాలు వైపు కౌంటరును 42 అంగుళాలకు కట్టించమంటారు. ఐదడుగుల మనిషికి అది దాదాపు రొమ్ము ఎత్తు. అవతల నిలబడ్డ అమ్మమ్మకు ఇవతల కూర్చున్న మనవడి తల తప్ప పళ్ళెం కనిపించదు. కొన్న స్టూలు వృథా కాకూడదని ఇల్లంతా దానికి వంగడం అంటే ఇదే.

కాళ్ళ సంగతి ఇంకా ఉంది. అమెరికాలో వంటగదుల వృత్తివాళ్ళ సంఘం, నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్, తన మార్గదర్శకాల్లో ప్రతి మనిషికీ 24 అంగుళాల వెడల్పు ఇవ్వమంటుంది. మోకాళ్ళు లోపలికి పోవడానికి 42 అంగుళాల కౌంటరు కింద 12 అంగుళాలు, 36 దాని కింద 15, 30 అంగుళాల బల్ల కింద 18 అంగుళాల లోతు వదలమంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ కాళ్ళు కిందికి వేలాడతాయి, ముందుకు చాచుకోవడం తగ్గుతుంది, అందుకే లోతు తగ్గింది. ఆ సంఘం కూడా కౌంటరు నుంచే లెక్క మొదలుపెట్టిందని గమనించండి. మన మోడల్ ఫ్లాట్లలో మాత్రం ఆరడుగుల కౌంటరు ముందు నాలుగు స్టూళ్ళు ఫొటో కోసం సర్దుతారు. తలకు 18 అంగుళాలు. ఫొటోలో ఎవరూ కూర్చోరు కాబట్టి సరిపోతుంది.

ఆ 15 అంగుళాల లోతు రావాలంటే రాయి గోడ దాటి అంత మేరా గాలిలోకి రావాలి. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకు ఐదు కిలోలకు పైనే తూగుతుంది. ఎనిమిదడుగుల కౌంటరుకు బయటికి వచ్చిన భాగమే పది చదరపు అడుగులు, అంటే యాభై కిలోలు దాటిన బరువు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే గెలాక్సీ గ్రానైట్ గట్టి రాయే, దేశదేశాలకూ పోతోంది. కానీ ఏ రాయైనా ఒత్తిడిని మోసినట్టు వంపును మోయదు. ఎత్తు స్టూలు దిగే ప్రతి మనిషీ అరచేతులు ఆ అంచు మీద ఆనించి బరువంతా వేసి దిగుతాడు. ఇనుప బ్రాకెట్లు లేకుండా ఈ మందం రాయిని ఆరంగుళాలకు మించి బయటికి తేవద్దని తెలిసిన మేస్త్రి చెబుతూనే ఉంటాడు. బ్రాకెట్లు కనిపిస్తే అందం చెడుతుందని ఆయన మాట కొట్టేస్తుంటారు.

ఇప్పుడు భోజనం దగ్గరికి. ఈ కౌంటర్లను బ్రేక్‌ఫాస్ట్ కౌంటర్ అనే పిలుస్తారు, ఆ పేరు నిజాయితీగానే పెట్టారు. రెండు రొట్టె ముక్కలు, ఒక గ్లాసు పాలు పట్టే చోటు అది. మన భోజనం పళ్ళెమే పదకొండు, పన్నెండు అంగుళాల వెడల్పు. దాని చుట్టూ పప్పు గిన్నె, కూర గిన్నె, పచ్చడి జాడీ, నెయ్యి, చారు, చివర పెరుగు, పక్కన మంచినీళ్ళు. పన్నెండు అంగుళాల పలక మీద పళ్ళెం పెడితే గిన్నెలకు చోటు స్టవ్ వైపే. పైగా చేత్తో కలిపి తింటాం. అన్నం కలిపే చెయ్యి మోచేతి దగ్గర పక్కకు విచ్చుకుంటుంది, ఫోర్కు పట్టిన చెయ్యిలా ఒంటికి అతుక్కుని ఉండదు. 18 అంగుళాల ఎడంలో ఇద్దరు ఆవకాయ అన్నం కలుపుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఇలాంటి ఇళ్ళలో నెల తిరక్కుండానే పళ్ళేలు సోఫా దగ్గర టీపాయ్ మీదికి చేరుకుంటాయి. కౌంటరు మీద కరెంటు బిల్లులు, కొరియర్ కవర్లు, మందుల డబ్బా కాపురం పెడతాయి.

బల్ల బదులు కౌంటరైతే స్థలం కలిసొస్తుందని ఈ సలహాదారులు చేసే వాదనకు లెక్క చూద్దాం. నలుగురికి కౌంటరు కావాలంటే ఎనిమిదడుగుల పొడవు. బయటికి వచ్చిన రాయి 15 అంగుళాలు, వెనక మనిషి లేచి దిగడానికి కనీసం 32 అంగుళాలు, కలిపి దాదాపు నాలుగడుగులు. మొత్తం ముప్పై ఒకటి, ముప్పై రెండు చదరపు అడుగులు. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న మామూలు నలుగురి బల్లకు రెండు వైపులా కుర్చీలకు రెండున్నర అడుగుల చొప్పున వదిలితే ముప్పై. తేడా ఏమీ లేదు, ఉన్నా బల్లే తక్కువ తింటోంది. స్టూళ్ళ వెనక నుంచి మనుషులు నడిచే దారి ఉంటే 32 అంగుళాలు 44 కావాలి, అప్పుడు బల్ల ఇంకా నయం. ఇద్దరే ఉండే చిన్న ఫ్లాటులో, గట్టుకు కొనసాగింపుగా నాలుగడుగుల పలక వేస్తే మాత్రం స్థలం నిజంగా మిగులుతుంది. అంతవరకు వాళ్ళ మాట ఒప్పుకుంటాను. నలుగురున్న ఇంటికి అదే మాట చెప్పడం అబద్ధం.

ఇక కౌంటరు దగ్గర కుటుంబం ఒక్కచోట చేరుతుందన్నది వాళ్ళు చెప్పేవాటిలో అన్నిటికన్నా తియ్యటి మాట, అన్నిటికన్నా పెద్ద అసత్యం కూడా. దీనికి స్టూలు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అమెరికన్ డైనర్లలోనూ, మందుల షాపుల్లోని సోడా ఫౌంటెన్ల దగ్గరా స్టూళ్ళు నేలకు బోల్టులతో బిగించి ఉండేవి. కౌంటరు కట్టాక దాని ఎత్తును బట్టి, మనిషికీ మనిషికీ ఎడం లెక్కగట్టి బిగించినవి. అది వ్యాపార స్థలం. ఇటు వైపు కూర్చుని తినేవాడు, అటు వైపు నిలబడి జీతానికి వడ్డించే మనిషి. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణం లంచ్ కౌంటరు దగ్గర ఇలాంటి స్టూళ్ళ మీదే కూర్చున్నారు. వడ్డించం పొమ్మన్నా లేవలేదు. ఆ కౌంటరు దగ్గర నల్లవాళ్ళకు తిండి పెట్టడం జూలై 25న గానీ మొదలవలేదు. స్టూళ్ళతో సహా ఆ కౌంటరులో కొంత భాగాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రపరిచారు. కౌంటరుకు ఏ వైపు ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలన్నది ఎన్నడూ ఒట్టి అలంకరణ ప్రశ్న కాదు.

ఆ అమరికను యథాతథంగా ఇంట్లోకి తెస్తే అటు వైపు నిలబడేదెవరు? మన ఇళ్ళలో ఇంకా ఎక్కువగా అమ్మో, అత్తగారో, కోడలో. భర్తా పిల్లలూ వరసగా స్టూళ్ళెక్కి కూర్చుంటారు, ఆవిడ అవతల దోసెలు వేస్తూ ఉంటుంది. వేడి దోసె పెనం మీంచి నేరుగా పళ్ళెంలోకి వస్తుంది, నిజమే, ఆ సుఖం నాకూ తెలుసు. కానీ ఆవిడకు ఆ వరసలో స్టూలు ఉండదు. ఉన్నా, అందరూ తిని దిగాక ఒంటరిగా గోడ వైపు చూస్తూ తింటుంది. డైనరులో అవతలి మనిషికి జీతం ఉంది, టిప్పు ఉంది, డ్యూటీ దిగే వేళ ఉంది. బల్ల దగ్గరైతే కనీసం వడ్డించేశాక ఆవిడా వచ్చి ఎదురుగా కూర్చోవచ్చు. వరసగా కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకోలేరన్న సంగతి వేరే. నలుగురు వరసలో ఉంటే ఆ చివరి మనిషి మాట ఈ చివరి మనిషికి అందదు, ముందు చిమ్నీ రొద ఒకటి.

వంటింట్లో స్టూలు గురించి బుద్ధిగా ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. 1926లో ఆస్ట్రియన్ ఆర్కిటెక్టు మార్గరెటె ష్యుటె లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహాల కోసం ఒక చిన్న వంటగది రూపొందించింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అలాంటివి సుమారు పదివేలు కట్టారు. అందులో ఒక తిరిగే స్టూలు ఉంది. దాన్ని కిటికీ దగ్గర, పనిబల్ల ముందు పెట్టింది. వండే మనిషి కూర్చుని కూరలు తరుక్కోవడానికి! మన అలంకరణ నిపుణులు స్టూలును తినేవాడికి ఇచ్చారు, ఆవిడ వండేవాళ్ళకు ఇచ్చింది. బీన్స్ ఈనెలు తీయడం, పాలు పొంగకుండా చూడడం, చపాతీలు వత్తడం లాంటి పనులకు నిలబడి నిలబడి కాళ్ళు వాచే ఇంటికి ముందు కావలసింది గట్టుకు ఇవతల అలంకారంగా నాలుగు స్టూళ్ళా, అవతల ఆనుకోవడానికి ఒక్క స్టూలా?

స్టూలు కౌంటరు కోసం గోడ తీసేయడం మీద కూడా ఒక మాట చెప్పాలి. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి వంటగదికి కనీసం 5 చదరపు మీటర్ల వైశాల్యం చెబుతుంది. అందులోనే భోజనం కూడా చేసేట్టయితే 7.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.1 మీటర్లకు తగ్గకూడదంటుంది. తినడమూ అక్కడే అంటే గది ఒకటిన్నర రెట్లు కావాలని దాని అర్థం. గోడ పడగొట్టి, హాలును కూడా లెక్కలో కలిపేసి ఆ కొరతను కప్పేస్తున్నారు. ఎండుమిర్చి పోపు, చేపల వేపుడు, ఇంగువ ఘాటు సోఫా దాకా వెళ్తాయి. స్టూలు సీటుకు వేసిన వెల్వెట్ వాటన్నిటినీ పీల్చుకుని దాచుకుంటుంది. అమెరికాలో డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళు చూసినవారికి ఈ సంగతి తెలుసు. అక్కడ ఇల్లే ఓపెన్ కిచెన్‌తో, వంటగది మధ్యలో విడిగా నిలిచే పెద్ద ఐలాండు గట్టుతో వస్తుంది. ఆ ఐలాండు ముందు స్టూళ్ళు ఉంటాయి, అసలు పోపు మాత్రం వెనక తలుపేసుకునే స్పైస్ కిచెన్‌లోనో, పెరటి వసారాలో పెట్టిన గ్యాసు పొయ్యి మీదో పడుతుంది. ఓపెన్ కిచెన్ పుట్టిన దేశంలో మనవాళ్ళు డబ్బు పెట్టి మళ్ళీ గోడ కట్టించుకుంటుంటే, ఇక్కడ డబ్బు పెట్టి ఉన్న గోడ తీయిస్తున్నారు.

నా మాటలు విని సంబరపడే ఇంకో వర్గం ఉంది. బార్ స్టూలు మన సంస్కృతి కాదు, నేల మీద పీట వేసుకుని తినాలి అనేవాళ్ళు. వాళ్ళతో నాకు పొత్తు లేదు. భోజనాల బల్లా మనది కాదు, గ్యాసు పొయ్యీ మనది కాదు. మోకాళ్ళు అరిగిన మనిషిని నేల మీద కూర్చోమనడం, ముప్పై అంగుళాల స్టూలు ఎక్కమనడం రెండూ ఒకే రకం నిర్దయ. ఎత్తు స్టూలు ఎక్కాలంటే ఒక కాలు రింగు మీద వేసి, ఆ ఒక్క కాలి మీదే ఒళ్ళంతా లేపాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకు అది గండం. పసిపిల్లలకు ఇంకా గండం. కింద పదిహేను, పదహారు అంగుళాల చక్రం మీద నిలబడే తిరుగుడు స్టూలు, పిల్లవాడు కౌంటరును కాళ్ళతో తన్నితే ఎటు పడుతుందో చెప్పలేం.

రంగులు కలపడం గురించి నాకు పెద్దగా తగాదా లేదు. ఎవరి కళ్ళు వారివి. కానీ గదిలో అన్నిటికన్నా ముందు పాడయ్యే వస్తువు రంగును గోడకూ కర్టెన్లకూ ఇవ్వమనడం ఏం లెక్క? గ్యాస్ లిఫ్టు స్టూలు కొంతకాలానికి కూర్చోగానే మెల్లగా కిందికి దిగడం మొదలుపెడుతుంది. రెక్సిన్ చెమటకు పొట్టు లేస్తుంది. విశాఖ, కాకినాడ గాలికి ఇనుప కాళ్ళు వెల్డింగు దగ్గర తుప్పు పడతాయి. స్టూలు మారుతుంది, అప్పుడు దాని కోసం వేయించిన గోడ రంగు అనాథ అవుతుంది. ఇక వేలాడే లైట్లు కౌంటరుకు ముప్పై అంగుళాల ఎత్తున ఉండాలంటారు. హాలులో సీలింగ్ ఫ్యాను తిరిగితే అవి ఊగుతూ ఉంటాయని మాత్రం ఎవరూ చెప్పరు. మన ఊళ్ళలో ఫ్యాను ఆపుకుని అన్నం తినేదెవరు?

ఇన్ని అన్నాక కూడా మీకు కౌంటరే కావాలనిపిస్తే, ఇద్దరే ఉండి, పొద్దున్న టిఫిను, సాయంత్రం కాఫీ వరకే దాని పని అనుకుంటే, నిక్షేపంగా కట్టించుకోండి. ఇంట్లో రోజూ వండే మనిషిని నిలబెట్టి గట్టు ఎత్తు తేల్చండి. మనిషికి రెండడుగుల చొప్పున పొడవు, మోకాళ్ళకు లోతు, కింద బ్రాకెట్లు మేస్త్రితో ముందే మాట్లాడండి. గట్టు కట్టాక నేల నుంచి దాని పైభాగం దాకా టేపు పెట్టి కొలిచి, అందులోంచి పదో పన్నెండో అంగుళాలు తీసేయండి. వచ్చిన అంకె చీటీ మీద రాసుకుని, ఆ చీటీతో అప్పుడు షాపుకు వెళ్ళండి. ఆ ఎత్తు లేదు, ఇది తీసుకోండి, బాగుంటుంది అని సేల్స్ కుర్రాడు అంటే బయటికి వచ్చేసి వడ్రంగి దగ్గరికి వెళ్ళండి. మొదటి స్టూలు మాత్రం గట్టుకు అవతలి వైపు కోసం చేయించండి.